పనిలేని నడక

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమపు హర్తాళ్లు లేని ప్రతి సాయంత్రమూ నాలుగున్నరకు వేదవతి గేటు దాటేది. భర్త రామచంద్రరావు గుమాస్తా; ఆరు దాటితే గాని ఇల్లు చేరడు. చిక్కడపల్లిలోని అద్దె వాటా నుంచి నారాయణగూడ దాకా వెళ్లి, అశోక్ నగర్ సందుల మీదుగా తిరిగి వచ్చేది. ఆ దారిలో ఆమెకు పనంటూ ఏదీ లేదు. గోడల మీద ఎండ మెల్లగా రంగు మారుతుంటే, తన పేరు, వయసు, రాత్రికి వండవలసిన పప్పు ఒక్కొక్కటే తనను వదిలి వెనకబడిపోతున్నట్టు ఉండేది.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆ వీధి ఇళ్లలో ఆడవాళ్లు బయటికి వెళ్లాలంటే చేతిలో సంచో, పేరంటం పిలుపో ఉండాలి. వట్టి చేతులతో వెళ్లే మనిషికి వీధే ఒక కారణం సమకూర్చింది: వేదవతికి జబ్బు చేసింది, నారాయణగూడలో ఎవరో డాక్టరుకు రహస్యంగా చూపించుకుంటోంది.

ఇంటి యజమానురాలు రాజ్యలక్ష్మి విభూతి పొట్లం తెచ్చింది.

"నా దగ్గర దాచకమ్మాయ్. గుండెకా, కడుపుకా?"

వేదవతి నవ్వి ఊరుకుంది. ఆ మౌనమే ఒప్పుకోలుగా చెల్లిపోయింది. ఆనాటి నుంచి గేటు దగ్గర ఆరాలు లేవు. "జాగ్రత్తగా వెళ్లిరా తల్లీ" అనేవారు.

"అననీ. నీ నడక నీకు దక్కింది కదా" అన్నాడు రామచంద్రరావు.

దక్కిందా అన్నది సందేహమే. జాలి చూపులకు తగినట్టు ఆమె అడుగు బరువెక్కింది. ఎవరైనా ఎదురైతే చేయి తనంతట తానే గుండెల మీదికి పోయేది.

అశోక్ నగర్‌లో కడుతున్న మేడ ముందు, పాలమూరు కూలీ కురుమమ్మ పని దిగి, ఇసుక కుప్ప మీద కాళ్లు చాపుకొని చుట్ట కాలుస్తుండేది.

"ఏందమ్మా, మొన్నటిదాంక గాలిలెక్క పోతుంటివి. గిట్ల ఈడ్సుకుంట పోతున్నవేంది? పానం బాగలేదా?"

"బాగానే ఉంది. జబ్బనుకుంటేనే తిరగనిస్తారు."

కురుమమ్మ పకపకా నవ్వింది. "మా మేస్త్రి గూడ దినాం అడుగుతడు, గీడ కూసొని ఏం జేస్తున్నవే అని. ఏం జేస్తలే, పో అంట."

"కోప్పడడా?"

"పడ్తడు. పడనీ."

ఆ సాయంత్రం గేటు దగ్గర ఇద్దరమ్మలక్కలతో నిలబడి రాజ్యలక్ష్మి అడిగింది: "ఏమన్నాడమ్మా డాక్టరు?"

"డాక్టరెవరూ లేరు పిన్నిగారూ. నాకు జబ్బూ లేదు. నడిస్తే హాయిగా ఉంటుంది, అందుకే వెళ్తున్నాను."



"హాయి కోసమా?" అంది రాజ్యలక్ష్మి. "నీ కోసం ఆరు మంగళవారాలు పస్తులున్నానే!"

క్షమించమనడానికి తాను చేసిన తప్పేమిటో వేదవతికి స్పష్టంగా తెలియలేదు. తప్పు లేదనడానికి ఎదురుగా ఉన్నది ఆకలిని ఓర్చుకున్న ముఖం.

దీన్ని ధైర్యమనడం తొందరపాటే అవుతుంది. ఆమె మరునాడు కూడా వెళ్లింది, అంతే.

శ్రావణ శుక్రవారం వచ్చింది. వీధి పొడుగునా నానిన శనగల వాసన, లోపలి గదుల్లో గాజుల చప్పుడు. ప్రతి ఏడూ తనకు తాంబూలమిచ్చే ఇంటి ముందు వేదవతి అడుగు కొంచెం నెమ్మదించింది. ఎవరూ పిలవలేదు. తల వంచుకోకుండా, తొందరపడకుండా, ఆ ఇల్లు దాటింది.