బస్సక్క మోసిన పెద్ద సిలిండరు

ఈతకొలను అడుగున మోకాళ్ల మీద కూర్చుని, కళ్లనీ ముక్కునీ కప్పిన మాస్కు తీసేసి, మళ్లీ పెట్టుకుని, అందులో చేరిన నీళ్లను ముక్కుతో ఊది బయటికి పంపడం డైవింగ్‌లో బస్సక్క సాధించిన మొదటి ఘనకార్యం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ముక్కులోకి నీళ్లు పోయి, బెంబేలెత్తి పైకి తేలిన వారాలెన్నో ఆమెకే తెలుసు. చివరికి సాధించిన రోజున ఇంటికొచ్చి, గిన్నెలు తోముతున్న తల్లికి మొత్తం అభినయించి చూపించింది.

అంతకుముందు సాధించింది మాత్రం తక్కువా? వాళ్ల వంశంలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. ఇన్నేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది, బస్సుకి ఒక్క గీత పడలేదు. ఇద్దరు పిల్లల తల్లయ్యాక, నలభై దగ్గరపడ్డాక ఈత నేర్చింది. ఆపైన సముద్రంలో డైవింగ్ నేర్చి, పరీక్ష నెగ్గి కార్డు తెచ్చుకుంది. ఆ కార్డు ఇంట్లో అందరి చేతులూ మారి, తల్లి బీరువాలో నగల పక్కకి చేరింది.

లోపం ఒక్కటే. గాలి తెగ తాగేస్తుంది. రోజంతా పిల్లల మీద కేకలేసే గొంతు నీళ్లలోనూ ఊరుకోదు. నోట్లో గొట్టం పెట్టుకునే చేపలతో కబుర్లు చెబుతుంది. జట్టులో ఎవరి సిలిండరులో మిగిలిన గాలిని చూపే ముల్లు ఎర్రగీతకు చేరినా వాళ్లు బొటనవేలు పైకి చూపాలి, అందరూ పైకి వచ్చేయాలి. అది డైవర్ల కట్టుబాటు. ప్రతిసారీ ఆ వేలు ఆమెదే. అందుకే డైవింగ్ క్లబ్బులో ఆమెకు కొలిమితిత్తి అని పేరు పడింది. పెట్టింది జట్టులోని ఒక పళ్ల డాక్టరు. నీళ్లలో దిగేందుకు ఇద్దరిద్దరిని జంటలు కట్టేటప్పుడు, ఆమెతో వేస్తారేమోనని అతగాడు బెల్టు సర్దుకుంటూ తల దించేసేవాడు.

"బస్సక్కా, ఈసారన్నా తాబేలు మొహం చూడనిస్తావా, తోక చూసి వచ్చేయాలా?" అనేవాడు.

"మీ మొహం చూశాకే కదా డాక్టరుగారూ, అది తోక చూపించింది" అని నవ్వేసేది గానీ, లోపల చివుక్కుమనేది.

క్లబ్బు నడిపే మాస్టారికి వయసు మీద పడింది. కొత్తవాళ్లను నీళ్లలోకి తీసుకెళ్లే పని ఎవరికైనా అప్పగించాలనీ, ఆ శిక్షణకు ఈ ఏడు ఒక్కరినే పంపుతాననీ చెప్పారు. బస్సక్క మనసు ఆ సీటు మీద పడింది. మాస్టారు ఆమెను పక్కకు పిలిచి, గాలి ఎక్కువ పట్టే పెద్ద సిలిండరు తగిలించుకోమన్నారు. అందరికీ చాలింది తనకు చాలదని వీపు మీద చాటింపు వేసుకోవడమా అని ఆమెకు నామోషీ వేసింది. వద్దంది.

మరుసటి ఆదివారం అందరి ముళ్లూ ఎర్రగీత దగ్గరికి వచ్చినా ఆమెది ఇంకా సగంలోనే ఉంది. పడవెక్కాక పళ్ల డాక్టరు నోరెళ్లబెట్టాడు. మాస్టారు ముల్లు చూడలేదు, ఆమె ముఖం చూశారు. కందగడ్డలా ఉంది. తల రెండు చేతులా పట్టుకుని, పడవ అంచున వంగి భళ్లున వాంతి చేసుకుంది. కెరటాల కుదుపని చెబితే ఎవరైనా నమ్మేవారు.

"ఊపిరి బిగబట్టావా?" అని అడిగారు మాస్టారు.

"బిగబట్టాను మాస్టారూ. గాలి మిగులుతుందని."

నీళ్లలో ఊపిరి ఆపకూడదన్నది మొదటి పాఠం. ఆపితే ఊపిరితిత్తులకే ముప్పు. అది ఆమెకు కంఠతా వచ్చు. మాస్టారు కేకలెయ్యలేదు. "నీ వెనకాల వచ్చే కొత్తపిల్ల నిన్ను చూసే నేర్చుకుంటుందమ్మా" అన్నారు. నెల్లాళ్లు నీళ్లలో దిగొద్దన్నారు. సీటు మాటే ఎత్తలేదు.

సీటు చేజారిందనే అనుకుంది. ఇంట్లో ఆమె మాట తగ్గిపోయింది. తల్లి భయపడి సంగతంతా రాబట్టింది.

"నీ పాదం పెద్దదని సిగ్గుపడి చిన్న చెప్పులు కొనుక్కున్నావా ఎప్పుడన్నా? గాలీ అంతే. ఎంత కావాలో అంత తీసుకో" అంది.

నెల గడిచాక బస్సక్క క్లబ్బుకెళ్లి, ఎవరూ చెప్పకుండానే పెద్ద సిలిండరు వీపుకి కట్టించుకుంది. అదేమిటి, గ్యాసుబండా అన్నాడు డాక్టరు. కావాలంటే కూరొండి పెడతానని చెప్పి నీళ్లలోకి దూకింది. కడుపునిండా ఊపిరి తీసుకుంటూ, నిదానంగా వదులుతూ తిరిగింది. ఆ రోజు మొదట బొటనవేలు చూపింది పళ్ల డాక్టరు.

పైకి వచ్చాక, శిక్షణకు బస్సక్కనే పంపుతున్నానని మాస్టారు అందరి ముందూ చెప్పారు. అంత బాధలోనూ నిజం చెప్పిన మనిషి వెనక కొత్తవాళ్లను పంపడానికి తనకు భయం లేదన్నారు. డాక్టరే ముందుగా చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడామె ఆ శిక్షణలోనే ఉంది. సొమ్మసిల్లినట్టు నటించిన మనిషిని ఒడ్డుకు లాక్కొచ్చే పరీక్షలో అందరికంటే ముందు నిలిచిందని ఫోనొచ్చింది, అదీ పెద్ద సిలిండరుతోనే. ఆమె బస్సుని తమ్ముడు నడుపుతున్నాడు. అక్క ఎప్పుడొస్తుందని పిల్లలు అతని ప్రాణం తోడేస్తున్నారు. క్లబ్బులో చేరిన కొత్తవాళ్లు కూడా నేర్పితే ఆమే నేర్పాలని కాచుకుని కూర్చున్నారు. ఈ నెల ఇరవై ఆరో తేదీ, ఆదివారం పొద్దున ఊళ్లో దిగుతుంది.