మంచుబండికి చిన్న టర్బో

కోతలు కోయడంలో నాకు ఈ ఒమాన్ గ్యారేజీల పేట ఘాలా మొత్తం మీద పోటీ లేదు. బండి లిఫ్టు మీదుంటే దాని యజమాని సులైమానీ టీ గ్లాసు పట్టుకుని విసుక్కుంటూ నిలబడతాడు చూడండి, ఆ అరగంట నాది. కాకినాడలో లారీల పంపులు బాగుచేసుకునే నేను కాశ్మీరు మిలిటరీ వర్క్‌షాపు మనిషినైంది అలాంటి అరగంటల్లోనే. అక్కడ మంచు మీద పాకే బండికి బిందెంత టర్బో బిగించాననీ, అది కక్కిన వేడికి దారంతా మంచు కరిగి, వెనకాల నడిచొచ్చే సిపాయిలు వేణ్ణీళ్లు పోసుకునేవారనీ చెప్పేవాణ్ణి. ఒక సుబేదారైతే నిలబడి గడ్డం కూడా గీసుకున్నాడు.

ఈ కథ విన్నవాళ్లలో ఒక అర్బాబ్ ఉన్నాడు. యజమాని అన్నవాణ్ణి ఇక్కడ మేమంతా అలాగే పిలుస్తాం. ఖురంలో రెండు షాపులున్న ఒమానీ, ఇసుక దిబ్బలెక్కే బండ్లంటే ప్రాణం పెట్టే మనిషి. పన్నెండేళ్లుగా ఆయన బండ్లన్నీ నా చేతి కిందే ఉన్నాయి. రష్యా పక్కనున్న జార్జియాలో కొండ కింద ఇల్లు కొన్నాక, చలికాలం అక్కడికెళ్లి మంచుబండి తోలడం మరిగాడు. ఒకరోజు పెద్ద చెక్కపెట్టె ఒకటి మా గ్యారేజీలో దిగింది. విప్పితే ముందు రెండు పలకలు, వెనక పొడుగాటి రబ్బరు పట్టా ఉన్న బండి. నేను అలాంటిదాన్ని చూడటం అదే మొదలు.

"నీ పాత స్నేహితుడు వచ్చాడు," అన్నాడు అర్బాబ్ హిందీలో, నా భుజం మీద చెయ్యేసి. "కొండ పైకి పోయేకొద్దీ దీనికి ఊపిరి ఆడట్లేదు. కాశ్మీరులో పెట్టావే, అంతది పెట్టు. పెట్టినవాణ్ణి నాతో తీసుకెళ్తా. పదిరోజులు. టికెట్టు, కోటు, బూట్లు, అన్నీ నావే."

ఆ మాట విన్నాక నాకు అన్నం సరిగ్గా సయించలేదు. మంచు అంటే నేనెరిగింది షినాస్ నుంచి చేపలు తెచ్చే లారీల్లోంచి కారే నీచు నీళ్లే. ఇన్నేళ్లూ నోటితో తొక్కిన మంచు మీద ఒక్కసారి కాలు పెట్టి వస్తే ఆ కథలన్నీ కొంతైనా నిజమవుతాయి కదా అనుకున్నాను. నవ్వకండి. యాభై దాటినవాడికి అదో పెద్ద ఆశ.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. పెద్దది ఎక్కువ కుక్కుతుంది, కానీ అది తిరగడం అందుకోవడానికి టైము తీసుకుంటుంది. చిన్నది తక్కువే కుక్కుతుంది, తొక్కీతొక్కగానే అందుకుంటుంది. తారురోడ్డు మీద ఈ తేడాతో ఎవడికీ పనిలేదు. దిబ్బ మీద ఉంటుంది. మూడేళ్ల కిందట ఈ అర్బాబే పెద్దది కావాలని పట్టుబడితే, కాదనలేక ఆయన ఇసుకబండికి బిగించాను. దిబ్బ మధ్యలో అది పలకలేదు, శిఖరం మీద ఒక్కసారిగా పలికింది. బండి వెనక్కి తిరగబడి ఆయన భుజం ఎముక విరిగింది. కింద ఇసుక కాబట్టి అంతటితో పోయింది.

అయినా సరే, కాశ్మీరు సైజుదే అరువు తెచ్చి స్టాండు మీద బిగించి చూశాను. మంచు తగలకపోతే ఈ బండి అయిదు నిమిషాల్లో ఉడికిపోతుంది. అందుకని చేపల ఐసు మూడు గోనెసంచులు తెప్పించాం. నాతో పనిచేసే కడప తమ్ముడు పారతో ఐసు ఎత్తి తిరిగే పట్టా కింద పోస్తుంటే, పట్టా దాన్ని మా మొహాల మీదికి విసిరేది. గ్యారేజీ అంతా సొరచేప కంపు. నేను యాక్సిలరేటర్ నొక్కాను. ఒకటి, రెండు, రెండున్నర సెకన్లు. అప్పుడు అరిచింది.

"ఇదేందన్నా," అన్నాడు తమ్ముడు, మొహం తుడుచుకుంటూ. "పిలిస్తే యాడికో పోయొచ్చి అప్పుడు పలుకుతాండాది."

"అవున్రా."

"కొండమీద ఇట్లయితే అర్బాబ్ మిగల్డు. చిన్నదే పెట్టల్ల. ఆయప్పకు చెప్పు."

"చెబితే కాశ్మీరులో పెద్దదెందుకు పెట్టావంటాడు."

"అంటే?"

"కాశ్మీరు లేదురా."

"అది మాకందరికీ తెల్సులే," అన్నాడు వాడు, మళ్లీ పార అందుకుంటూ. "తెలీంది ఆయనకొక్కడికే."

రెండురోజులు ఆలోచించాను. కోతలు కోసి బతికినవాడికి ఇంకొక కోత కష్టమా? గురువారం మధ్యాహ్నం అర్బాబ్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చోగానే మొదలెట్టాను. కాశ్మీరు మంచు వేరు అర్బాబ్, అది గట్టి మంచు, రాయి లాంటిది, దాని మీద పెద్ద టర్బో నడిచింది, మీ కొండల మీద మెత్తటి మంచు కదా, దానికి చిన్నదే మేలు అన్నాను. బాగా అతికిందనే అనుకున్నాను.

ఆయన టీ తాగుతూ శ్రద్ధగా విన్నాడు. "గట్టి మంచు మీద బండి తేలిగ్గా పోతుంది," అన్నాడు. "మెత్తటి దాంట్లో నడుము దాకా కూరుకుపోతుంది. తేలికైన చోటికే అంతది కావాల్సొస్తే, నాకు ఇంకా పెద్దది కావాలి." అని ఫోను తీసి నా కాశ్మీరు బిందెని మించినదాన్ని చూపించాడు. "ఇది తెప్పిస్తున్నా."

ఆ బొమ్మ చూస్తూ నిలబడ్డాను. సరే అంటే పదిరోజులు మంచు. ఆయన కూడా మంచులోనే, బహుశా బండి కింద. పన్నెండేళ్లుగా ఈదు పండక్కి ఖర్జూరాల డబ్బా మర్చిపోకుండా నా చేతిలో పెట్టిన మనిషి.

"అర్బాబ్, నేనెప్పుడూ మంచు చూడలేదు," అన్నాను. "కాశ్మీరు వెళ్లలేదు. కాకినాడ దాటితే నేరుగా ఇక్కడికే వచ్చాను. చిన్నది పెట్టాలన్నది మాత్రం నిజం. ఆ దిబ్బ మీద మీ భుజం విరిగింది చూశారే, అలా తెలిసింది నాకు."

ఆయన కోప్పడితే బాగుండేది. గ్లాసు అడుగున ఉన్న చక్కెరని చెంచాతో చాలాసేపు తిప్పాడు. తర్వాత నన్ను వదిలేసి తమ్ముడి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. చిన్నదా, పెద్దదా?"

"చిన్నది, అర్బాబ్."

"నువ్వు మంచు చూశావా?"

"లేదు. చూశానని చెప్పలేదు గూడా."

అర్బాబ్ లేచాడు. "అయితే చిన్నదే. నువ్వు నాతో రా."

నా మాట నెగ్గింది, మరి. అదే చిన్న టర్బో, నేను ఎంచినదే. దాన్ని బిగించిందీ నేనే. గాలి చల్లబరిచే పెట్టె ఎక్కడ పెడితే మంచు బాగా తగులుతుందో కొలిచిందీ, ఘాలా ఎండలో సరిపోయిన పెట్రోలు అక్కడి చలిగాలికి చాలదు, పిస్టన్ మాడుతుంది అని లెక్కగట్టి తమ్ముడికి కాగితం మీద రాసిచ్చిందీ నేనే. వాడు ఆ కాగితం మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. కోటు తొడుక్కుని చూపించడానికి గ్యారేజీకి వచ్చాడు కూడా. చేతులు కొంచెం పొడుగయ్యాయని చెప్పాను. నిజానికి సరిగ్గానే ఉన్నాయి.

వాడు తిరిగొచ్చాక, టీ టైములో అందరి ముందూ అడిగాను.

"ఎట్టుందిరా మంచు?"

"సలి."

"చలని తెలుసు. ఇంకా?"

ఆలోచించాడు పాపం. "తెల్లగుండాది."

పదిరోజులు మంచులో తిరిగొచ్చి రెండు మాటలు తెచ్చాడు వాడు. నన్ను పంపితే పదేళ్లకు సరిపడా తెచ్చేవాణ్ణి. బండి మాత్రం తొక్కీతొక్కగానే పలికిందట, అర్బాబ్ కొండ నెత్తి దాకా ఎక్కి దిగాడట. నా ఊసొచ్చిందా అని అడగలేదు. వచ్చుంటే వాడే చెప్పేవాడు.

ఇప్పుడు నేను టీ దగ్గర నోరు విప్పితే, ఎవడో ఒకడు "ఇది కాశ్మీరుదా, నిజందా?" అంటాడు. మిగతావాళ్లు గ్లాసులు కడుక్కోవడానికి లేస్తారు. అర్బాబ్ ఇసుకబండ్లు కూడా తమ్ముడి వైపుకే వెళ్తున్నాయి. ఫోర్‌మన్ నన్ను ఏసీ గ్యాసు నింపే చోటికి మార్చాడు.

మొన్న అర్బాబ్ స్నేహితులిద్దరు ఇంకో మంచుబండి దింపారు. కొండ మెకానిక్ ఎక్కడ అని అడిగితే తమ్ముణ్ణి చూపించాను. వాడు వాళ్లకి టీ చెప్పి, స్పానర్ కోసమన్నట్టు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈ ఇంజను రోంత చిన్నది. దీనికి ఏది పెట్టల్ల?"

చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. వాడు పెదాలు కదుపుతూ వల్లెవేసుకుని వెనక్కి వెళ్లాడు. గ్యాసు సిలిండరు మీటరు చూస్తూ విన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే వాళ్లకి అప్పజెప్పాడు, ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు. వాళ్లు తలలూపారు. పైన మంచు ఎలా ఉంటుందని వాళ్లలో ఒకడు అడిగాడు.

"సల్లగుంటాది," అన్నాడు వాడు హిందీలో.

దానికీ తలలూపారు.