సగం గోలీ

రాందాస్ దేన్నయినా రెండు ముక్కలు చేస్తాడు. జొన్నరొట్టె, ఉడికిన గుడ్డు, ఆఖరికి టీలో ముంచే బిస్కెట్టయినా సరే. ఒక ముక్క తనకు, రెండోది కాలియాకు. సారపాకలో మా పక్కిల్లే కాబట్టి మూడేళ్లుగా ఈ పంపకాలు చూస్తున్నాను. "నాకెన్నడన్న గట్ల సగం పెట్టినవా?" అని భార్య ద్వాలి దెప్పుతూనే ఉంటుంది.

జామాయిల్ కర్ర లారీలకెక్కించే పని అతనిది. ఒకరోజు లారీల వరుసలో, చక్రం పక్కన కాలు విరిగి పడివున్న నల్ల కుక్కపిల్లను కండువాలో చుట్టుకొని ఇంటికి తెచ్చాడు. వెదురుబద్దలు కట్టి కాలు నిలబెట్టాడు. అదే కాలియా.

మొన్నటి చలికాలం నుంచి దాని రూపమే మారిపోయింది. రెండు పక్కలా ఒకే తీరుగా బొచ్చు ఊడింది. కాళ్లు సన్నబడ్డాయి, పొట్ట కిందికి జారింది. బకెట్ల కొద్దీ నీళ్లు తాగి ఇల్లంతా తడిపేది. వీధిలో తలా ఒక మాట అన్నారు. గజ్జి అన్నారు, ముసలితనం అన్నారు. మూడేళ్ల కుక్కకు ముసలితనమేమిటో వాళ్లకే తెలియాలి. చర్ల దారిలో అడవిలో వదిలేసి రమ్మని ఎదురింటి పోతయ్య ఉచిత సలహా పడేశాడు. ఆరోజు నుంచి రాందాస్ అతనితో మాట్లాడటం మానేశాడు.

"టీచరమ్మా, ఇది బతకదా?" అని ఒక పొద్దున మా గడపలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నా మనసు నిలవలేదు. ఆటో మాట్లాడుకొని, ద్వాలి ఒళ్లో కాలియాను పెట్టుకొని, అందరం భద్రాచలం పశువుల దవాఖానాకు వెళ్లాం.

డాక్టర్ సాహిత్య చిన్నపిల్లలా ఉంది గానీ ఓపిక చాలా ఉంది. పొట్ట నొక్కి చూసింది, పలచబడ్డ చర్మం పట్టి చూసింది. హార్మోన్ల జబ్బులా ఉందని, రక్తం హైదరాబాద్ పంపాలని చెప్పింది.

"మందులేమైనా ఇస్తున్నరా?"

"ఏం లేవు మేడం," అన్నాడు రాందాస్.

"ఏమీ లేవండీ," అని నేనూ వంత పాడాను. అన్నీ నాకే తెలిసినట్టు!

రక్తం తీసుకున్నాక వరండాలో కూర్చున్నాం. మధ్యాహ్నమైంది. రాందాస్ డబ్బా తీసి రొట్టె సగం చేశాడు. తర్వాత జేబులోంచి ఒక తెల్ల గోలీ తీసి గోటితో విరిచాడు. సగం తను మింగి, మిగతా సగం రొట్టెముక్కలో పెట్టి కాలియా నోటికందించాడు. అప్పుడే బయటికొచ్చిన డాక్టరమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"ఇదేంది పెద్దాయనా?"

"దురద గోలీ మేడం. కర్రబెరడు దుమ్ముకు నాకు ఒళ్లంత దురద. మెడికల్ షాపాయన ఇచ్చిండు, జల్దీ తగ్గింది. దసరాకు దీనికీ దురదొస్తె, దీనిక్కూడ సగం పెడుతున్న."

"మందులు లేవన్నరు గదా!"

"ఇది దాని మందు గాదు గదమ్మా. నాది."

ఆ గోలీలో ఉండేది స్టెరాయిడ్ అని, అదీ హార్మోను లాంటిదేనని, నెలల తరబడి పెడితే ఒళ్లు ఇలాగే అవుతుందని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది, కొంచెం కొంచెంగా తగ్గించాలి, అప్పుడు కోలుకుంటుందంది.

"నా చేతితోనే పెట్టిన," అన్నాడు రాందాస్. కాలియా ఆ చేతినే నాకుతోంది. చూడలేక తల తిప్పుకున్నాను.

డాక్టరమ్మ మాత్రం అతన్నే చూస్తోంది. "మీరెన్నాళ్ల నుంచి మింగుతున్నరు?"

"రెండేండ్లు."

"నీళ్లు బాగ తాగుతున్నరా?"

అతను తలూపాడు. అప్పుడు అతన్ని సరిగ్గా చూశాను. ఉబ్బిన గుండ్రటి ముఖం, సన్నబడ్డ కాళ్లు, జారిన పొట్ట, చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. ఎండాకాలం వాళ్లింట్లో రెండో నీళ్లకుండ పెడితే, ద్వాలి కూరలో ఉప్పెక్కువైందని ఎగతాళి చేశాను. సిగ్గేసింది నాకు.

"మీరూ ఇవాళే మనుషుల దవాఖానాల చూపించుకోవాలె. మీరు కూడ ఒక్కసారే బంద్ చెయ్యొద్దు."

"ముందు దీనికి నయంగానియ్యి మేడం. నాదేముంది."

ద్వాలి లేచింది. ఒక చేత్తో కాలియా తాడు, రెండో చేత్తో మొగుడి మణికట్టు పట్టుకుంది.

"సగం పనే అయింది. లే," అంది.

లేచాడు రాందాస్.