పట్టాభిరామయ్యగారి హద్దులు

పట్టాభిరామయ్యగారికి ఈ లోకం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఏదీ ఉండవలసిన చోట ఉండదు. నగర ప్రణాళికా శాఖలో ఇల్లెక్కడ రావాలి, అంగడెక్కడ రావాలి, నడుమ ఎంత జాగా ఖాళీగా వదలాలి అని గీతలు గీసి గీసి ఆయన రిటైరయ్యారు. ప్రభుత్వం పటం వెనక్కి తీసుకుంది గాని, గీతలు గీసే చెయ్యి ఆయన దగ్గరే ఉండిపోయింది. జూబిలీహిల్స్ నుంచి కృష్ణానగర్ వైపు దిగే వీధిలోని సొంతింట్లో ఆ చెయ్యి చేసిన రాజ్యపాలన ఎంతటిదో ఆయన సతీమణి శేషారత్నంగారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ముందు కంచం. అందులో పప్పు జనావాసం. పెరుగు జలాశయం. ఆవకాయ రసాయన కర్మాగారం. అది జనావాసానికి దూరంగా, గాలి వాటం చూసుకుని నెలకొనాలి. నడుమ ఉన్న అన్నం పచ్చదనం కిందికి వస్తుంది, దాన్ని తొందరపడి తినేయకూడదు. ఒక పెళ్లిలో వడ్డించేవాడు బూరె మీద సాంబారు పోశాడు. "అక్రమ నిర్మాణం!" అని ఈయన పంక్తిలోంచి లేచి నిలబడ్డారు. పెళ్లికొడుకు తండ్రి తన ఇంటి పైఅంతస్తు సంగతి బయటపడిందనుకుని పందిట్లోంచి మాయమయ్యాడు.

శేషారత్నంగారి తమ్ముడు రామకృష్ణ భీమవరం నుంచి చుట్టపుచూపుగా వచ్చాడు.

"మీ తమ్ముడు తాత్కాలిక కట్టడం. నాకేం అభ్యంతరం లేదు" అన్నారు పట్టాభిరామయ్యగారు ఉదారంగా.

మర్నాడు రామకృష్ణ పెరట్లో మేకు కొట్టి లుంగీ ఆరేసుకున్నాడు.

"రత్నం! పునాది పడింది!"

ఆ సాయంత్రమే తాత్కాలిక కట్టడం భీమవరం బస్సెక్కింది.

ఇవన్నీ ఇంటి గుట్లు. వీధి మొత్తానికి ఆయన కీర్తి పాకింది మాత్రం ఆస్పత్రి వల్ల. వీధి చివరి బంగళాను షూటింగులకు అద్దెకిచ్చేవారు. ఓ ఉదయం పాలకు వెళ్లిన ఈయనకు అక్కడ రాత్రికి రాత్రే వెలిసిన ఆస్పత్రి బోర్డు కనబడింది. పాలగిన్నె గేటు మీద పెట్టి, జేబులోంచి కొలతల టేపు తీశారు.

"ఎవరిచ్చారయ్యా అనుమతి?"

"ప్రొడ్యూసరు గారండీ" అన్నాడో అసిస్టెంటు.

"ఆయన ఏ శాఖ?"

సమాధానం వచ్చేలోపు టేపు కొస గోడకి తగిలింది. గోడ వినయంగా ముందుకు వంగి నేలకొరిగింది. అయినా ఆయనకు సినిమా తట్టలేదు. "ఇంత నాసిరకం కట్టడంలో రోగుల్ని పెడతారా? అంబులెన్సు తిరగడానికి జాగా ఏదీ?" అని గర్జించారు. అప్పుడు సెలైన్ బాటిలు కింద పడుకున్న హీరో తల్లి మంచం మీద లేచి కూర్చుని, చేతులు జోడించింది. "సాయంత్రానికి చచ్చిపోతాను బాబూ. అంతదాకా ఓపిక పట్టండి."

హైటెక్ సిటీ వెలిగిపోతున్న రోజులవి. ఖాళీ గది కనిపిస్తే చాలు, కంప్యూటర్లు కాపురం పెట్టేవి. పక్కింటి శ్రీకృష్ణ రాత్రంతా కంపెనీలో పనిచేసి పగలు నిద్రపోయేవాడు. ఎదురింటి పృథ్వీరాజ్ తన సెల్లారును ఏదైనా సాఫ్ట్‌వేర్ కంపెనీ అడుగుతుందేమోనని ఎదురుచూస్తూ, ఈలోగా తిరుమలేశ్ అనే డాన్సు మాస్టరుకి రిహార్సళ్లకిచ్చాడు. సినిమా పాటల్లో గుంపుగా ఆడే కృష్ణానగర్ అమ్మాయిలూ అబ్బాయిలూ పొద్దున్నే వచ్చేవారు. సెల్లారులో డప్పు మోగితే ఇవతల పట్టాభిరామయ్యగారి కాఫీ వణికేది.

ఒకరోజు ఆయన టేపు పట్టుకుని సెల్లారులోకి దిగారు. చాలాసేపటికి బయటికొచ్చారు. వెనకే తిరుమలేశ్.

"సార్, ఏంది సార్ గిట్లంటరు? వచ్చే వారమే పాట షూటింగ్. స్టెప్పులు కుదరకుంటే వేరే గ్రూపును పెట్టుకుంటమన్నరు. పిల్లలు ఈ పాట మీదనే ఆశ పెట్టుకున్నరు. జర సోంచాయించుండ్రి."

"సెల్లారు కార్లు పెట్టుకోవడానికి. మనుషులు ఎగరడానికి కాదు."

"కార్లే లేవు గద సార్ గాడ!"

"లేకపోతే ఖాళీగా ఉంటుంది. మీరు మాత్రం ఉండకూడదు."

మధ్యాహ్నానికల్లా ఆయన పృథ్వీరాజ్‌ని పట్టుకుని నిబంధనలన్నీ వల్లించారు. సాయంత్రం సెల్లారుకి తాళం పడింది. మర్నాడు పిల్లలు వచ్చి తాళం చూసి, గోడ నీడన కూలబడ్డారు. వాళ్లలో మనోజ అనే అమ్మాయి గజ్జెల మూట ఒళ్లో పెట్టుకుని తమ ఇంటి వైపు చూసిన చూపును శేషారత్నంగారు కిటికీలోంచి చూశారు. ఆవిడకి ఒళ్లు మండింది.

ఆ పూట కంచంలో పప్పు, పులుసు, ఆవకాయ, పెరుగు, సేమ్యా పాయసం అన్నీ కలిపి ఒకే ముద్దగా పెట్టారు.

"ఇదేంటి రత్నం?"

"మిశ్రమ వినియోగం. తినండి."

ఆయన తిన్నారు. నోరెత్తకుండా, ముద్ద మిగల్చకుండా తిన్నారు. అప్పుడు భయమేసింది శేషారత్నంగారికి.

తిన్న వెంటనే స్కూటరు తీసి ఎటో వెళ్లారు. చీకటి పడ్డాక దుమ్ము కొట్టుకుపోయి తిరిగొచ్చారు.

"టోలిచౌకిలో ఒకటి చూశాను, గాలి రాదు. బంజారా హిల్స్‌లో ఒకటుంది, నిన్ననే ఏదో కంపెనీ పట్టుకుపోయింది."

"ఏంటవి?"

"ఆ పిల్లలకి చోటు. ఆ సెల్లారుకి మెట్లు ఒక్కచోటే, రత్నం. మెట్ల పక్కనే జనరేటరు. ఫ్యాను వైరు నా కళ్ల ముందే నిప్పురవ్వలు రాల్చింది. ఏదైనా అంటుకుంటే ఒక్కళ్లూ పైకి రాలేరు. నవ్వుతూనే ఎగురుతున్నారు, ఊపిరి మాత్రం అందడం లేదు."

"ఆ మాట వాళ్లతో చెప్పొచ్చు కదండీ!"

"చెబితే ఏమంటారు? పర్లేదు సార్, అలవాటే అంటారు. అలవాటైపోయిన వాళ్ల కోసమే కదా ఈ రూల్సన్నీ. గాలి, వెలుతురు, బయటికి దారి. ఇవి లేని చోట మనిషిని ఉంచకూడదు. నేను ఇన్నేళ్లు గీసిన గీతలన్నిటికీ అర్థం అంతే. మిగతాదంతా రంగు పెన్సిళ్లు."

శేషారత్నంగారు వెళ్లి మళ్లీ అన్నం వడ్డించారు, ఈసారి దేని చోట దాన్ని.

ఆదివారం నాడు వీధివాళ్లందరినీ, తిరుమలేశ్‌నీ ఇంటి ముందు పోర్టికోలో కూర్చోబెట్టి పట్టాభిరామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఈ ఇంటి హాలును నివాసం నుంచి నృత్య వినియోగానికి మార్చాలని దరఖాస్తు వచ్చింది. అభ్యంతరాలు వింటాం."

"దరఖాస్తు ఎవరిది అంకుల్?" అన్నాడు శ్రీకృష్ణ ఆవులిస్తూ.

"నాది."

"మంజూరు చేసేదెవరు?"

"నేనే. కాకపోతే దరఖాస్తుదారుడి మీద నాకంత మంచి అభిప్రాయం లేదు. అడగండి."

"నేను తెల్లారి వచ్చి పడుకుంటానండీ. డప్పులు మోగితే నా ఉద్యోగం పోతుంది."

"నువ్వు నిద్ర లేచేది?"

"మూడింటికి."

"రిహార్సలు మూడు దాటాక. రాసుకోవయ్యా తిరుమలేశ్. తలుపులు తీసి ఉంచాలి, డప్పు గోడకి ఆనించకూడదు. ఇంకెవరు?"

చివరింటి అనసూయమ్మ చెయ్యెత్తింది. ఆమె తాతల కాలంలో ఈ రాళ్లగుట్టల మీద మేకలు మేసేవి. "పట్టాభి సారూ, నాది గూడ ఒక అభ్యంతరం. కిటికీలకు పరదాలు ఎందుకు కట్టిన్రు? మేం డాన్స్ చూడొద్దా ఏంది?"

పరదాలు తొలగించవలెనన్న షరతు మీద దరఖాస్తు మంజూరైంది. తిరుమలేశ్ ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, "ముందుకు వంగకు, వెనక కుండీ ఉంది" అని ఆపారు.

అదే రోజు మూడు దాటగానే సోఫాలు పెరట్లోకి వెళ్లాయి. ఎవరి చెయ్యి ఎవరికీ తగలకుండా ఆయన హాలంతా సుద్దముక్కతో గళ్లు గీశారు. తిరుమలేశ్ తల గోక్కున్నాడు గాని, పాట మొదలయ్యాక వరస చూసి, "అరె, లైను మంచిగ కుదిరిందే!" అన్నాడు. మనోజ గజ్జెలు ఘల్లుమన్నాయి. కిటికీ బయట అనసూయమ్మ అప్పటికే పీట వేసుకుంది.

ఇంతలో దీనంతటికీ కర్త అయిన పెద్దమనిషి కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చున్నారు.

"లేవండి. బయటికి దారికి అడ్డం" అన్నారు శేషారత్నంగారు.

ఆయన లేచి గోడ పక్కకు జరిగారు.

"అక్కడ డప్పు పెడతారు."

కిటికీ దగ్గరికి నడిచారు.

"వెలుతురుకి అడ్డం."

పట్టాభిరామయ్యగారు కుర్చీ ఎత్తుకుని, తన సొంతింట్లో తనకంటూ గీత గీయడం మరిచిపోయిన మనిషిలా నలుదిక్కులా చూశారు. "మరి నేనెక్కడుండాలి రత్నం?"

"వంటింట్లో. అది పారిశ్రామిక వాడ" అని ఆవిడ చేటెడు ఉల్లిపాయలూ కత్తిపీటా ఆయన ముందుకు తోశారు. "అక్కడ పని లేనివాళ్లని ఉండనివ్వం. పిల్లలందరికీ పకోడీలు కావాలి, సన్నగా తరగండి."

ఆయన కత్తిపీట ముందు చతికిలబడి, ఓ ఉల్లిపాయను తిప్పి తిప్పి చూసి, గంభీరంగా అడిగారు: "అభ్యంతరాలు వినరా?"

"విచారణ అయిపోయింది" అన్నారు శేషారత్నంగారు, శనగపిండిలో చెయ్యి పెడుతూ.