సామంతురాలి తిరుగు ఓడ

చదువుకున్న ఆడపిల్ల ఒక్క నొక్కుతో ఒక సామ్రాజ్యాన్ని ఎలా కూల్చగలదో చెబుతాను, వినండి. పాప ఇప్పుడే పడుకుంది. ఊపిరి ఆడుతోందో లేదో రెండుసార్లు చూసి వచ్చాను గనుక కాస్త తీరిక దొరికింది.

అప్పుడు నేను బీఎస్సీ రెండో ఏడు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ పద్మ వాళ్లది. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం శంకర్ నగర్‌లో ఒక ఇంటర్నెట్ కేఫ్‌కి వెళ్లి, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని అంతరిక్షాన్ని ఏలేవాళ్లం. ఆ కంప్యూటర్ ఆటలో పద్మ మహారాణి. నేను ఆమె సామంతురాలిని. నాకున్నది ఒకే ఒక గ్రహం, అదీ గుండు చేయించుకున్న తలలా నున్నగా ఉండేది.

అక్కడ సైన్యం కన్నా పరువు ముఖ్యం. సామంతులు మాట తప్పితే పోయేది రాణి పరువే. ఏడాదిపాటు కాపాడుకున్న ఆ పరువుతోనే పద్మ ఆ ఆదివారం చక్రవర్తి సింహాసనానికి పోటీపడింది. వేరే ఊళ్ల నుంచి ఆడే ప్రభువులు ఓట్లు వేయాలి. పద్మ వాళ్ల నాన్నకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది, మంగళవారం ప్రయాణం. పద్మకు అదే ఆఖరి ఆట.

ఓటింగ్‌కు పది నిమిషాల ముందు నా గ్రహానికి ఒక ఓడ వచ్చింది. నిండా ధాన్యం. పంపినవాడు పద్మకు బద్ధశత్రువు. ధాన్యం దించుకున్నాను, ఇక ఓడను వెనక్కి పంపాలి. మా ఇంట్లో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్తే అమ్మ ఊరుకోదు, చెంచాడు పంచదారైనా వేయాల్సిందే. అలా పెరిగిన చెయ్యి ఆగుతుందా? ఓడ నిండా ఇనుము నింపి పంపేశాను. ఎంత మర్యాదస్తురాలినో అని మురిసిపోయాను కూడా.

తెర ఎర్రబడింది. 'పద్మ సామంతురాలు శత్రువుకు కప్పం కట్టింది!'

"ఏటి పంపినావే వాడికి?" అంది పద్మ.

"ఇనుము."

"క్యోం?"

"ఖాళీ ఓడ ఎలా పంపుతానే? బాగోదు కదా!"

"ఒసే పాగల్! అది యుద్ధమే, మీ పక్కింటి కూర గిన్నె కాదు!"

ప్రభువుల సందేశాలు వచ్చిపడ్డాయి. ఒక్క సామంతురాలిని అదుపులో పెట్టలేని మనిషికి సింహాసనమా అన్నాడొకడు. దాని గ్రహం లాక్కుని వెళ్లగొట్టు, అందరం నీకే వేస్తాం అన్నాడు ఇంకొకడు. ఒక్క బటన్ నొక్కితే చాలు.

"నొక్కెయ్యే," అన్నాను. "నా గ్రహంలో ఏముంది? రాళ్లూ, నేనూ."

"నువ్వు నోర్ముయ్."

"టైం అయిపోతోందే!"

"అవనీ. నిన్ను గెంటేసి ఆ కుర్చీలో ఏటి కూకుంటాను?"

టైం అయిపోయింది. సింహాసనం ఆ శత్రువుకే దక్కింది. పట్టాభిషేకం కానుక నా తరఫున ముందే అందింది కదా!

రిక్షాలో వస్తూ పద్మ కళ్లు తుడుచుకుంది. దుమ్ము అంది.

మర్నాడు వాళ్లమ్మ స్టీలు డబ్బాలో సున్నుండలు పంపింది, తాము ఊరు వెళ్లేలోపు తినమని. ఖాళీ డబ్బా ఎలా తిరిగిస్తాను? అందులోనూ పద్మకి! మైసూర్‌పాకు మొదలుపెట్టాను. మొదటిది రాయి అయింది, రెండోది మాడింది. మంగళవారం మూడోది కలుపుతుండగానే వాళ్ల రైలు వెళ్లిపోయింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. "ఖాళీ డబ్బా తెచ్చినా సరిపోయేది కదే! బండి కదిలేదాకా తలుపు కాడే నిలబడ్డాను."

పార్సిల్ చేస్తానన్నాను. మైసూర్‌పాకు బాగా కుదిరాక. అది కుదిరేసరికి ఆ నంబరు పనిచేయడం మానేసింది.

డబ్బా మా వంటింట్లోనే ఉంది, మూత మీద వాళ్లమ్మ పేరుతో. ఇప్పుడు అందులో పాప ఉగ్గు పొడి పోస్తున్నాను.

ఆ ఉగ్గు పొడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరి గిన్నె ఇంటికొచ్చినా వెంటనే కడిగి, ఖాళీదే పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి ఇచ్చేస్తాను.

ఎదురింటి భాభీ మొన్న ఖీర్ పంపిన గిన్నె గట్టు మీదే ఉంది. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను, ఒట్టు. కాస్త కేసరి చెయ్యగానే.