తువ్వాలు తీసేసిన చెయ్యి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సంఘ పత్రికకు సాక్ష్యం రాయమని మన పాస్టరు అయ్యగారు అడిగితే, నాకు తియ్యగా రాయడం చేతకాదన్నాను. చేదుగానే రాయమన్నారు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి. చేసినదాన్ని మన్నించమని మాత్రం మిమ్మల్ని అడగను.

నాది దర్శి పక్క పల్లె, నేను పశువుల సంతలో దళారిని. మా సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి తరఫున నేను, ఎదురుగా కొనేవాడు, ఇద్దరం ఒకే తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి బేరమాడతాం, చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు, కాబట్టి దళారికి చెయ్యే బతుకు. ఆ చెయ్యిని నేను నాటుసారాకి రాసిచ్చాను! పొద్దున్నే ఒక గ్లాసు పడకపోతే ఎండెక్కేసరికి వేళ్ళు వణికేవి. ఆ వణుకు తువ్వాలు బయట ఎవరికీ కనబడేది కాదు, లోపల నా చెయ్యి పట్టుకున్నవాడికి మాత్రం తెలిసిపోయేది.

నా చెల్లెలు మరియమ్మ భర్త, పత్తి పోయిన ఏడు, పురుగుకని తెచ్చిన మందు తానే తాగి చనిపోయాడు. ఆమెకు మిగిలింది జత ఎద్దులు. "అన్నా, వీటినమ్మి నాకో పాడిగేదెను చూసిపెట్టు, పాలు పోసుకుని బతుకుతా. నువ్వు గనక ఇస్తున్నా, ఇంకొకళ్ళకైతే ఈ తాళ్ళు ఇయ్యను" అని వాటి మొహాలు నిమిరి నా వెంట పంపింది. చెల్లెలి పని గదా, ఆ ఒక్కరోజు తాగకుండా పోదామనుకున్నాను, అదే కొంప ముంచింది! తువ్వాలు కింద కొనేవాడు ఒక ధర నొక్కాడు, నేను కాదన్నాను, అంతే, వాడు ఇంక వేలు కదపలేదు. నా వణుకు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. "తొందరేముంది బావా, కూర్చో" అని నవ్వాడు. సారా పాక ఎదురుగా కనబడుతోంది, నాలుక పీక్కుపోతోంది, చివరికి వాడెక్కడ లేచిపోతాడోనని వాడడిగిన ధరకన్నా ఇంకా తగ్గి నా అంతట నేనే వేలు నొక్కాను.

ఆ డబ్బుకి గేదె రాలేదు. "ఏం అన్నా, ఎద్దులనమ్మావా, నన్నమ్మావా?" అని చెల్లెలు ఒక్క మాట అడిగి తలుపేసుకుంది. ఆ ఏడు నుంచి ఆమె ఊళ్ళో వాళ్ళ చేలల్లో మిరపకాయలు కోసింది. సాయంత్రం బావి గట్టు మీద మంటలెత్తే చేతులకు మజ్జిగ రాసుకుంటూ కనబడితే నేను దారి మార్చుకుని పోయి తాగేవాణ్ణి. సిగ్గు తాగిస్తుంది, సహోదరులారా, సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ తాగిస్తుంది!

ఒకరోజు సంత దారిలో పడిపోయాను. తాళ్ళూ మువ్వలూ అమ్ముకునే యోసేపు, వాడూ ఒకప్పటి తాగుబోతే, నన్ను సైకిలు మీద వేసుకొచ్చి ప్రార్థన మందిరంలో దించాడు. మోకాళ్ళ మీద నిలవలేక పక్కకి ఒరిగిపోతూ నేను చేసిన ప్రార్థన ఇదీ: "ప్రభువా, మంచివాణ్ణి చెయ్యమని అడగడానికి నాకు మొహం లేదు, ఈ చెయ్యి గ్లాసు మీదికి పోకుండా ఆపు తండ్రీ, ఈ ఒక్క రోజుకి ఆపు!" ఆపాడు! దేవునికే మహిమ, ఆ ఒక్క రోజుకి ఆపాడు. మర్నాడు మళ్ళీ అడుక్కోవలసి వచ్చింది, ఇది రాసే రోజు పొద్దున కూడా అడుక్కున్నాను. ఒక్కసారిగా మారిపోయామని చెప్పేవాళ్ళున్నారు, సంతోషం. నాకు మాత్రం దేవుడు విడుదలను రోజుకూలి లాగానే ఇచ్చాడు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు తాగుబోతులమైన మా నలుగురినీ చాప మీద కూర్చోబెట్టి, దాచినదాన్ని ఇంకొకరు బయటపెట్టకముందే మీరే చెప్పండి అనేవారు. అయ్యగారి భార్య, మా అమ్మగారు, నాకు పలక ఇచ్చి, వణికే చేతిని పట్టుకుని దిద్దించేవారు, "అ" ఒక్కటి తిన్నగా నిలబడటానికి రెండు వారాలు పట్టింది.

మళ్ళీ సంతకే పోతానంటే అయ్యగారు భయపడ్డారు. ఇంకేం చెయ్యను, అమ్మడం తప్ప నాకు ఏ పనీ రాదు. తాగుడు మానడానికి మీరు నేర్పిన పద్ధతినే అమ్మకంలో కూడా వాడి చూస్తానన్నాను. ఒంటరిగా పోవద్దన్నారు గనక యోసేపు తన తాళ్ళు నా పక్కనే పరుచుకున్నాడు. చాటు పనికిరాదన్నారు గనక తువ్వాలు మానేశాను, చెయ్యి బయటపెట్టి నోటితోనే ధర చెప్పాను. ఏళ్ళ తరబడి అబద్ధం మరిగిన నా నాలుకను నమ్మలేక, పశువు లోపాలు పలక మీద రాసి దాని మెడకి కట్టాను: తన్నుతుంది, ఎడమ గిట్ట పగిలింది, ఎండలో కాడి లాగదు. చదువు రానివాళ్ళకు నేనే చదివి వినిపించాను.

సంతంతా నవ్వింది. "ఒరేయ్, ఎద్దుని బళ్ళో వేశావా? ఎన్నో తరగతి?" అన్నారు. పశువుల ఆసామి ఒకాయనైతే "నువ్వు అమ్మేవాడివా, చెడగొట్టేవాడివా?" అని తన ఎద్దుల్ని తోలుకుపోయాడు. బేరం కుదిరాక ఇద్దరూ కలిసి తాగడం అక్కడి మర్యాద, నేను రానంటే కుదిరిన బేరం కూడా చెడింది. ఎన్నో వారాలు వట్టి చేతులతో ఇంటికొచ్చాను. జీవితమంతా నిజం చెప్పాలంటే భయమేసేది, అందుకని ఈ ఒక్క సంతకి చెబుతాను తండ్రీ, అనుకుని పోయేవాణ్ణి. మెల్లగా రైతులు "పలక దళారి ఎక్కడ?" అని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. తీరా పేరొచ్చేసరికి పొలాల్లోకి ట్రాక్టర్లొచ్చాయి, ఎద్దుల్ని అడిగేవాడు లేకుండా పోయాడు! గేదెలమ్ముకుని బతికాను.

ఒక సంత రోజున ఒక గేదెకి పలక కట్టి నిలబడి ఉండగా మరియమ్మ వచ్చింది. ఎన్నేళ్ళ మిరపకోతల కూలో కొంగున ముడేసుకుని వచ్చింది. గేదెను ఊరికే ఇవ్వడానికి అది నాది కాదు, నాదే అయినా ఆమె పుచ్చుకోదు. "దీనికి ఒక చన్ను మూసుకుపోయింది, మిగతా మూడూ పాలిస్తాయి" అని చెప్పాను. ఆమె నా వంక చూడలేదు, యోసేపుని పిలిచి "అన్నా, పలక మీద ఏముందో నువ్వు చదువు" అంది. వాడు చదివాడు. "ఇంకోసారి చదువు" అంది. నేను చెప్పిందీ అక్కడ రాసిందీ ఒకటేనని తేలాక నా చేతిని చూసింది, మొహాన్ని కాదు, చేతినే, చాలాసేపు చూసింది. ఆ చెయ్యి కదలలేదు, సహోదరులారా! ఆమె ధర ఇచ్చి, గుంజకున్న తాడు తానే విప్పుకుని, గేదెను తోలుకుపోయింది. యోసేపుని అన్నా అంది, నన్ను అనలేదు. ఇవాళ్టి వరకూ అనలేదు.

ఆమె క్షమించాలని ప్రార్థన చెయ్యమని నేను మిమ్మల్ని అడగను, అది ఆమె ఇష్టం, ఆమె హక్కు. నా చెయ్యి రేపు కూడా బయటే ఉండాలని ప్రార్థన చెయ్యండి. ఇది చదివేవాళ్ళలో ఎవరి చెయ్యైనా వణుకుతుంటే దాన్ని గుడ్డ కింద దాచకండి, దాచిన చెయ్యిని బేరగాడు పట్టుకుంటాడు. బయటికి తీసి ప్రభువుకు చాచండి, అట్లాగే వణుకుతూనే చాచండి. నాది ఆయన అట్లాగే పట్టుకున్నాడు, ఆయనకే స్తోత్రం!