మామ కొట్టిన మూడు చుక్కలు

మంగళవారం పొద్దున అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు అబ్బయ్యా" అని ఫోన్ పెట్టేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామ పేరు పాడు చేసినవాడు టౌన్లో కొట్టు తెరుచుకుని హాయిగా ఉన్నాడు. మామ మాత్రం ఆ మచ్చతోనే పోయాడు.

మామ పాత బ్యాండు వాయిద్యాలు కొని, బాగుచేసి అమ్మేవాడు. ఎక్కడ బ్యాండు మూతపడినా వెళ్లి ట్రంపెట్లు, బాకాలు తెచ్చేవాడు. చిల్లకూరు నుంచి దొరవారిసత్రం దాకా పెళ్లి బ్యాండ్లలో, చర్చి బ్యాండ్లలో ఆయన చెయ్యి పడని ఇత్తడి తక్కువ. కొనేటప్పుడు అమ్మేవాడిని చివరిసారి ఒక పాట ఊదమనేవాడు. ఆ మనిషి ఊదినంతసేపూ మామ చెప్పులు విప్పి నిలబడేవాడు.

అతుకు వేసిన చోటల్లా పక్కనే మేకుతో మూడు చుక్కలు కొట్టడం ఆయన అలవాటు. కొనేవాడి వేలు పట్టుకుని వాటిని తడిమించేవాడు. "అతుకు దాచి అమ్మితే ఊదేవోడి ఊపిరి దొంగిలించినట్టేరా" అనేవాడు. ఇత్తడి పనిలో ఆయన నాకు మొదట నేర్పింది ఆ చుక్కలు కొట్టడమే. ఈ రోజుకీ నేను తినే తిండి ఆ పనిదే.

టౌన్ కొట్టాయన మామ దగ్గర ఒక పెద్ద బాకా కొన్నాడు. చుక్కల్ని టంకంతో పూడ్చి, పైన మెరుగు పూత పూసి, కొత్తదని మా చర్చికే అమ్మాడు. క్రిస్మస్ ఊరేగింపులో అది అతుకు దగ్గర విడిపోయింది. అడిగితే కొట్టాయన, "ఆ ముసలాయనే అతుకు దాచి నాకు అంటగట్టినాడు" అన్నాడు. సంఘ పెద్దలు వచ్చి మామను వాకిట్లోనే నిలదీశారు. మామ తన సొంత బాకా తెచ్చి వాళ్ల చేతికిచ్చి, విరిగినదాన్ని లోపల పెట్టుకున్నాడు.

"మెరుగు గోకి చూపించు మామా" అని బతిమాలాను.

"నా చేతిపనికి నేనే సాక్ష్యం చెప్పుకోవాల్నా? నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను. ఆ తర్వాత ఆయన గుమ్మం తొక్కిన బ్యాండు లేదు. నేను మాత్రం ఆ కొట్టు ముందు నుంచి బండి మీద పోయిన ప్రతిసారీ పళ్లు నూరాను.

మామను సమాధికి తీసుకెళ్లే రోజు కొట్టాయన పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. సంఘ పెద్దలూ, చుట్టుపక్కల బ్యాండ్లవాళ్లూ అంతా ఉన్నారు. మీరు నన్ను తప్పు పట్టొచ్చు, కానీ ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదనుకున్నాను. లోపలికెళ్లి ఆ విరిగిన బాకా తెచ్చాను. అందరి ముందూ అతుకు పక్కన గరుకు కాగితంతో రుద్దాను. మెరుగు పోయింది. మేకుతో పొడిస్తే టంకం ఊడి రాలింది. మూడు చుక్కలూ బయటపడ్డాయి.

"చేత్తో తడిమి చూడండయ్యా" అన్నాను.

నిలదీసిన పెద్దాయనే తడిమి చూసి, కొట్టాయన వైపు తిరిగాడు. "ఇదేందయ్యా?"

కొట్టాయన దండ అక్కడే పెట్టి జారుకోబోయాడు. అత్త లేచింది. "ఆ దండ మా ఇంట్లో పెట్టబాక. తీసకపో."

మామ ఉంటే నన్ను తిట్టేవాడు. తిట్టనీ. నా కడుపుమంట ఆ రోజే చల్లారింది.

మామ పెట్టె లేచింది, బ్యాండు మొదలైంది. పది అడుగులు వెయ్యకముందే ముందు వరసలో ఒక ట్రంపెట్ ఆగింది. టౌన్ కొట్టులో కొన్న కొత్త ట్రంపెట్ అది. ఆ మనిషి దాన్ని తిరగేసి, బండి తాళంచెవితో మెరుగు గీకుతున్నాడు. పక్కవాడు కూడా ఊదడం ఆపి, జేబులో తాళంచెవి వెతుక్కున్నాడు.